చెల్లని ఎర్ర పుస్తకం

"అది రుద్దితే పోయే ముద్ర కాదమ్మా. తొమ్మిదేళ్ళయింది. కాగితంలో ఇంకిపోయింది."

కోడలు సూచిన్ మాట గుయ్‌లాన్ చెవిన వేసుకోలేదు. కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, మనవరాలి పెన్సిల్ రబ్బరుతో ఆ ఎర్ర పుస్తకంలోని పేజీని రుద్దుతూనే ఉంది. పక్కన గంజి చల్లారిపోయింది. ఉప్పు గుడ్డు వలిచింది వలిచినట్టే ఉంది.

అది పెళ్ళి పుస్తకం, చైనా సర్కారు ఇచ్చే పెళ్ళి పత్రం. ఫోటోలో సూచిన్‌కి ఇరవై ఐదేళ్ళు, బోవెన్‌కి ఇరవై ఏడు. భుజం భుజం ఆనించుకుని, నవ్వు ఆపుకుంటూ కూర్చున్నారు. వాళ్ళ పక్కనే నీలి సిరా ముద్ర ఉంది: వీరు విడాకులు తీసుకున్నారు, ఈ పత్రం చెల్లదు.

"చెల్లదట! ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసి, ఎదిగిన పిల్లని ఇంట్లో పెట్టుకుంటే, చెల్లదట!" ముసలావిడ రబ్బరు విసిరికొట్టింది.

"వేయించింది మీరే కదమ్మా."

"వేయించాను. ఇల్లొస్తుందని వేయించాను. నా కొడుకు సంసారం ఊడిపోవాలని వేయించానా?"

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళ ఊరు హాంగ్‌జౌలో ఆ ఏడాది జనం ఇల్లు కొనడానికి పెళ్ళి తీసేసి చూశారు. ఉన్న ఇంటి మీద ఇంకో ఇల్లు కొనకూడదని సర్కారు కుటుంబానికి హద్దు పెట్టింది. మొగుడూ పెళ్ళామూ విడిపోతే అవి రెండు కుటుంబాలు. ఇంకేముంది, రిజిస్ట్రారు ఆఫీసు ముందు వీధి మలుపు దాకా వరస. పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ, "మీరూ ఇంటికేనా?" "ఆ, మేమూ ఇంటికే" అని నవ్వుకుంటూ నిలబడ్డారు. ఆ వరసలో సూచిన్, బోవెన్ కూడా ఉన్నారు. పని ముగించుకుని, వెదురు మొలకలేసిన నూడుల్స్ తిని, ఒకే స్కూటరు మీద ఇంటికెళ్ళారు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఊరంతా గోక్కుంటోంది కనక వేడి తెలియలేదు.

పాత ఇల్లు అతని పేరునే ఉండిపోయింది. మంచి బడి పక్కనున్న చిన్న ఫ్లాటు ఆమె పేరున కొన్నారు. కొన్నాక మళ్ళీ పోయి పెళ్ళి రాయించుకుందామనుకున్నారు. ఈ నెల సెలవు లేదన్నారు, పై నెల బ్యాంకు పని అన్నారు. ఆ తర్వాత కూతురి చదువుకని సూచిన్ అమెరికా వచ్చేసింది. ఒకే కంచంలో తినే మొగుడూ పెళ్ళాలకి మళ్ళీ పెళ్ళేమిటి అని ఇద్దరూ నవ్వుకున్నారు, మరిచిపోయారు.

లాయరు ఆఫీసు అమ్మాయి మాత్రం మరిచిపోలేదు. నిన్న ఫోన్ చేసి, "మీ పెళ్ళి పత్రం తప్ప అన్నీ అందాయి ఆంటీ" అంది.

బోవెన్ కంపెనీ బదిలీ వీసా మీద పోయినేడు ఇక్కడికి వచ్చాడు. పాత ఇల్లు అమ్మి, ఆ డబ్బు ఇక్కడి పల్లె ప్రాంతంలో కడుతున్న ఒక హోటల్లో పెట్టాడు. అలా పెట్టినవాళ్ళకి ఇక్కడే ఉండి గ్రీన్ కార్డుకి ఫైలు పెట్టుకునే వీలుంది. భార్య, ఇరవై ఒకటి నిండని పిల్లలు అదే ఫైల్లో వస్తారు. కూతురు యీనింగ్‌కి పై వారం బుధవారం ఇరవై ఒకటి నిండుతుంది. అందుకని ఈ శుక్రవారమే ఫైలు వెళ్ళాలి. సూచిన్ సంగతి వేరు. నలభై తొమ్మిదేళ్ళ వయసులో ఆవిడ విద్యార్థిని. ఆరేళ్ళుగా ఇంగ్లీషు బడి వీసా మీద నెట్టుకొస్తోంది. నెలాఖరు దాటితే ఆ బడిలో ఆవిడకి చెప్పడానికి తరగతులే మిగలవన్నారు. భార్యగా ఫైల్లో పేరు ఎక్కితే ఇక్కడ ఉండొచ్చు. ఎక్కకపోతే పెట్టె సర్దుకోవాలి.

బోవెన్ గదిలోంచి వచ్చి గిన్నెలో గంజి పోసుకున్నాడు. ఎర్ర పుస్తకం వైపు చూశాడు, చూడనట్టు కూర్చున్నాడు.

"ఒరేయ్, మీ ఆవిణ్ణి తీసుకెళ్ళి పెళ్ళి చేసుకునిరా. ఇక్కడ పావుగంట పనిట," అంది గుయ్‌లాన్.

"చూద్దాంలే అమ్మా."

"చూసేదేముందిరా? కొత్త పెళ్ళికూతురా, ముసుగెత్తి చూడ్డానికి?"

సూచిన్‌కి నవ్వొచ్చింది. బోవెన్‌కి రాలేదు. గంజి తాగి, లేచి, తన గిన్నె తను కడుక్కున్నాడు. తన ఒక్క గిన్నే. ఏడాదిగా అంతే. ఎవరింట్లోనో అద్దెకున్నవాడు కడుక్కున్నట్టు కడుక్కుని, తుడిచి, బోర్లించి పెడతాడు.

"మాట్లాడవేంరా?"

"విన్నానమ్మా."

"వినడానికి గోడలున్నాయి. నిన్ను కన్నది మాట్లాడ్డానికి."

అప్పుడే యీనింగ్ ఫోన్ ఊపుకుంటూ మెట్లు దిగి వచ్చింది. "దొరికింది! గురువారం పదకొండున్నరకి, కౌంటీ ఆఫీసులో. ఒక సాక్షి చాలట. ఆ సాక్షిని నేనే! నాయనమ్మా, అమ్మానాన్నల పెళ్ళికి కూతురు సాక్షి సంతకం పెట్టడం నువ్వెప్పుడైనా విన్నావా?"

"మా కాలంలో అలాంటి కూతురుంటే వాడ వాడంతా ఉమ్మేసేవాళ్ళు. నా ఎర్ర స్వెట్టరు ఎక్కడుందో చూడవే."

ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికెళ్ళారు. బోవెన్ కుళాయి కట్టేసి, తడి చేతులు అలాగే పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఏమిటని సూచిన్ అడగలేదు.

* * *

బుధవారం మధ్యాహ్నం చైనా వాళ్ళ సూపర్‌మార్కెట్ ముందు కారు ఆగి ఉంది. పెళ్ళి భోజనానికి చేప ఉండాల్సిందేనని ముసలావిడ పట్టుపట్టింది. మంచు ముక్కల్లో పెట్టిన చేప సంచీ సూచిన్ ఒళ్ళో ఉంది. బోవెన్ తాళం తిప్పలేదు.

"కారు తియ్యవేం? చేప పాడైపోతుంది."

"ఒక మాట చెప్పాలి. అమ్మ ముందు చెప్పలేను."

"చెప్పు."

"రేపు వస్తాను. వాళ్ళేం అడిగితే దానికి అవునంటాను. సంతకం పెడతాను. శుక్రవారం నీ పేరు కూడా ఫైల్లో వెళ్తుంది. కార్డు వచ్చేదాకా నేను ఇంకేమీ మాట్లాడను."

"వచ్చాక?"

ఎవరో సరుకులు దించుకున్న తోపుడు బండిని వరసలోకి నెట్టారు. ఆ చప్పుడు ఆగేదాకా అతను ఆగాడు.

"వచ్చాక ఎవరి దారి వాళ్ళు చూసుకుందాం, సూచిన్."

మంచు కరిగి స్కర్టు తడుస్తోంది. ముందు ఆవిడకి ఆ తడే తెలిసింది. సంచీని కాళ్ళ దగ్గర పెట్టుకుంది. మెల్లగా అడిగింది, "ఎవరామె?"

"ఎవరూ లేరు."

"దాచకు. ఏడ్చి నీ కారు పాడుచెయ్యనులే."

"నిజంగా ఎవరూ లేరు."

"ఉంటే బాగుండేది. తిట్టడానికి ఒక మనిషి దొరికేది."

అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే ఒకేసారి మాట్లాడతాడు.

"నువ్విక్కడికొచ్చిన కొత్తలో రోజూ ఫోన్ చేసేవాణ్ణి. తర్వాత వారానికోసారి. ఆ తర్వాత పిల్ల ఫీజు గురించే చేసేవాణ్ణి. ఆ మహమ్మారి రోజుల్లో నాకు జ్వరమొచ్చింది, నీకు తెలీదు. పదకొండు రోజులు. లేచి నీళ్ళు కాచుకోలేకపోయాను. అప్పుడు నీకు చెప్పాలని నాకు తోచలేదు. చెప్పకూడదని కాదు, తోచలేదు. తగ్గాక అది గుర్తొచ్చి భయమేసింది. ఇక్కడికొస్తే సర్దుకుంటుందనుకున్నాను. ఏడాదైంది. నేను చిన్న గదిలో పడుకుంటున్నాను. ఎందుకక్కడని నువ్వొక్కసారైనా అడిగావా?"

"నడుం నొప్పి, గట్టి మంచం కావాలన్నావు."

"అన్నాను. ఆ నొప్పి మూడు వారాల్లో తగ్గిపోయింది."

నిజమే, సూచిన్ అడగలేదు. మంచం నిండా ఒక్కతే పడుకోవడం అలవాటైపోయింది. అతను పక్క గదిలోకి మారిన రోజు తనకి బాధ కలగలేదు, హాయిగా నిద్రపట్టింది. ఆ సంగతి ఈ క్షణం దాకా తనకే తెలియలేదు. ఎంత దిక్కుమాలిన సంగతి!

"మరి ఈ సంతకమెందుకు?" అంది.

"పిల్లని ఒక్కదానివే పెంచావు. ఊరుగాని ఊళ్ళో, భాష రాకుండా. నిన్ను వట్టి చేతులతో ఎలా పంపను?"

"అంటే ఇది కూలి."

"అలా అనకు."

"మరేమనాలి? కొత్త సంవత్సరానికి పనిమనిషి చేతిలో పెట్టే డబ్బుల ఎర్ర కవరు అననా?"

అతను తల స్టీరింగు మీద ఆనించుకున్నాడు. ఏడుస్తున్నాడేమోనని వంగి చూసింది. ఏడవడం లేదు, అలిసిపోయాడంతే. ఆ అలసట చూశాక కోపం కూడా నిలవలేదు. కోపమైనా ఉంటే పట్టుకుని నిలబడడానికి ఆధారంగా ఉండేది.

అబద్ధపు విడాకులు పుచ్చుకుని నిజమైన కాపురం చేసిన మనుషులు వీళ్ళు. ఇప్పుడు నిజంగా విడిపోయి అబద్ధపు పెళ్ళికి ముహూర్తం పెట్టుకున్నారు. ఎవరిని తప్పుపట్టాలి? ముసలావిడనా, సర్కారునా, సముద్రాన్నా? నన్నడిగితే, "మళ్ళీ పోదాంలే" అన్న ఆ ఒక్క మాటని పట్టుకోవాలి. దాన్ని నమ్ముకుని మునిగిన సంసారాలు ఎన్నో.

"యీనింగ్‌కి చెప్పకు," అంది సూచిన్ చివరికి. "దాని పుట్టినరోజు దాటనీ."

"చెప్పను."

"కారు తియ్యి. చేప వాసనొస్తోంది."

* * *

గురువారం పొద్దున గుయ్‌లాన్ ఎర్ర స్వెట్టరు వేసుకుని, జుట్టుకి నూనె రాసుకుని, అందరికన్నా ముందు కారెక్కి కూర్చుంది. యీనింగ్ తెల్ల పూల గుత్తి తెచ్చింది. తెల్లపూలు పెళ్ళికి కాదు, పాడెకని నాయనమ్మ దారంతా సణిగింది. ఇక్కడివాళ్ళకి తెలుపే శుభమని మనవరాలు దారంతా వాదించింది. ముందు సీట్లలోని ఇద్దరూ ఏ పక్షమూ పట్టలేదు.

కౌంటీ ఆఫీసు కిటికీ దగ్గర ఒక వియత్నాం ఆవిడ కూర్చుని ఉంది. కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. దరఖాస్తు చదువుతూ సూచిన్‌ని అడిగింది, "ఇంతకుముందు పెళ్ళయిందన్నారు. ఎవరితో?"

"ఇతనితోనే."

ఆవిడ తలెత్తి ఇద్దర్నీ చూసి పకపకా నవ్వింది. "మళ్ళీ ఇతన్నే చేసుకుంటున్నారా! అయితే మంచివాడే అన్నమాట."

"మంచివాడే," అంది సూచిన్.

ఆ మాట నిజం. బోవెన్ కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాడు.

పక్క గదిలో కాగితం పూల తోరణం కట్టి ఉంది. గోడవార నాలుగు కుర్చీలు. అదే ఆవిడ నల్ల గౌను తొడుక్కుని, చేతిలో చిన్న పుస్తకంతో వచ్చి నిలబడింది. నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా చదవడం మొదలుపెట్టింది. యీనింగ్ ఒక చేత్తో ఫోన్‌లో వీడియో తీస్తూ నాయనమ్మ చెవిలో చైనీసులో చెబుతోంది.

"కలిమిలోనూ లేమిలోనూ, రోగంలోనూ ఆరోగ్యంలోనూ, ఇద్దరూ బతికున్నంత కాలం అంటోంది నాయనమ్మా."

"ఇవన్నీ అడుగుతారా? మమ్మల్నెవరూ అడగలేదే. సంతకం పెట్టమన్నారు, తీపి బిళ్ళలు పంచమన్నారు, అంతే." గుయ్‌లాన్ స్వెట్టరు చేతితో కళ్ళు ఒత్తుకుంది. "అడిగితే బాగుండేది."

బోవెన్ వంతు వచ్చింది. "ఒప్పుకుంటున్నాను," అన్నాడు ఇంగ్లీషులో. తడబడలేదు. మాట ఇచ్చాడు, నిలబెట్టుకుంటున్నాడు.

ఆవిడ సూచిన్ వైపు తిరిగి అదంతా మళ్ళీ చదివింది. చదివి ఆగింది.

ఒక్క మాట చాలు. అవునంటే రేపు మూడు పేర్లూ వెళ్తాయి. యీనింగ్ పట్టా పుచ్చుకునే రోజున కుర్చీలో కూర్చుని చూడొచ్చు. దాని జ్వరానికి గంజి కాచి ఇవ్వొచ్చు. ఆరేళ్ళు ఏ పిల్ల కోసం ఈ ఊళ్ళో మూగదానిలా బతికిందో ఆ పిల్ల ఉన్న ఊళ్ళోనే ఉండొచ్చు. అవునందామనే సూచిన్ తలెత్తింది.

ఎదురుగా బోవెన్ ముఖం ఉంది. అందులో కోపం లేదు, బెదురు లేదు. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి కూర్చున్న మనిషి ఓర్పు ఉంది. ఎప్పుడైపోతుందా అని ఎదురుచూస్తున్నాడు. ఇరవై నాలుగేళ్ళ కిందటి ఆ ఫోటోలోని ముఖాన్ని ఆవిడ ఎరుగును. దీన్ని భరించలేకపోయింది.

"నో," అంది.

నల్ల గౌను ఆవిడ సూచిన్‌కి భాష అర్థం కాలేదనుకుంది. "మీ అమ్మగారికి ఒకసారి చెప్తావా?" అంది యీనింగ్‌తో.

యీనింగ్ నవ్వింది. "అమ్మా, ఇక్కడ యెస్ అనాలి."

"తెలుసు. ఆరేళ్ళు బడికెళ్ళాను, ఆ మాత్రం తెలుసు."

నవ్వు ఆగిపోయింది. సూచిన్ మొగుడి వైపు తిరిగి వాళ్ళ ఊరి మాటల్లో చెప్పింది, "నాకు నీ మీద కోపం లేదు, బోవెన్. జాలిపడి ఇస్తే పుచ్చుకోలేను, అంతే. నువ్వు చెయ్యగలిగింది చేశావు. నా వల్ల కాలేదు."

"జాలేమిటే?" గుయ్‌లాన్ కుర్చీలోంచి లేచింది. "ఒరేయ్, జాలి అంటోందేమిటి? దాన్ని ఏమన్నావురా నువ్వు?"

"నాన్నా?" అంది యీనింగ్.

అతను కూతురి ముఖం చూడలేకపోయాడు. ఆ పిల్లకి అదే జవాబైంది. ఫోన్ దించేసింది.

"నువ్వు ఇవన్నీ పట్టించుకోకు," సూచిన్ గబగబా కూతురి దగ్గరికెళ్ళి చేయి పట్టుకుంది. "రేపు నాన్నతో లాయరు దగ్గరికెళ్ళు. నీ సంతకం నువ్వు పెట్టు. వచ్చే బుధవారం దాటితే నీకు దారి లేదు. విన్నావా?"

"మరి నీకు?"

"నాకేం? నేను ఇంటికి పోతాను."

"ఏ ఇంటికి?" యీనింగ్ గొంతు సన్నగా వచ్చింది. "నీ ఫ్లాటు అమ్మి నన్ను చదివించారు. నాన్న ఇల్లు అమ్మి హోటల్లో పెట్టారు. ఏ ఇంటికమ్మా?"

రెండు ఇళ్ళ కోసం సంతకం పెట్టినవాళ్ళు ఇద్దరూ, పెట్టించిన ముసలావిడా ఆ గదిలోనే ఉన్నారు. గుయ్‌లాన్ మళ్ళీ కుర్చీలో కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడవడం మొదలుపెట్టింది.

యీనింగ్ పూలగుత్తిని పక్క కుర్చీలో పెట్టింది. "నాన్నా, నా పేరు కూడా తీసేయమని లాయరుకి చెప్పు. అమ్మ పేరు లేని కాగితం మీద నేను సంతకం పెట్టను."

"యీనింగ్!"

"పెట్టనమ్మా."

ఆ పిల్ల మొండితనం తల్లికి తెలుసు. అది తన దగ్గర నేర్చుకున్నదే. తల్లి చూస్తుండగానే ఆ పిల్ల తలుపు వైపు నడిచింది. ఇంతసేపూ నిలబెట్టుకున్న ఆత్మాభిమానం ఆ నాలుగడుగుల్లో కరిగిపోయింది. సూచిన్ చటుక్కున వెనక్కి తిరిగి, తోరణం కింద బోవెన్ పక్కకొచ్చి నిలబడింది.

"దయచేసి ఇంకోసారి అడగండి," అంది నల్ల గౌను ఆవిడతో. "ఈసారి సరిగ్గా చెప్తాను."

ఆవిడ తల్లినీ కూతుర్నీ మార్చి మార్చి చూసింది. మెల్లగా పుస్తకం పైకెత్తింది.

"అడక్కండి," అంది యీనింగ్ తలుపు దగ్గరే ఆగి, ఇంగ్లీషులో, గదంతా వినేలా. "ఆవిడ ఇప్పుడు యెస్ అంటే అది ఆయన కోసం కాదు. నా కోసం."

నల్ల గౌను ఆవిడ పుస్తకం మూసేసింది.